నావువా అల్లానికి ఊరివాళ్ల సంతకం

శివనంద్ అంకుల్ ఆస్ట్రేలియాలోని టూవూంబాలో పండ్లు ప్యాక్ చేసే షెడ్డులో పనిచేసేవారు. ఫిజీలో ఇరవై ఏళ్లు వ్యవసాయశాఖలో చేసి, ఎనభై ఏడులో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చేశాక భార్య మోహిని గారితో ఇక్కడికి వచ్చేశారు. పురుగుమందుల అవశేషాలు పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. అక్కడ చూసినవన్నీ చూశాక, మా ఎనిమిది నెలల పాపకు క్యారెట్ ఉడికించి పెట్టాలన్నా భయమేసేది. మందు తగలని పంట గురించి అడగబోతే ఆయన ఈ సంగతి చెప్పారు.

ఫిజీలో నావువా అనే ఊరి దగ్గర ఆయన అన్న యోగానంద్, మరో పదిమంది రైతులు మందులు లేకుండా అల్లం పండించేవారు. ఇక్కడి దుకాణాలు కొనాలంటే మందు వాడలేదన్న సర్టిఫికెట్ కావాలి. ఇక్కడినుంచి తనిఖీకి మనిషిని రప్పించుకునే స్తోమత వాళ్లకు లేదు. ఒకరి పొలం ఒకరు చూసి సంతకం చేస్తారని, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థను అంకుల్ ఒక్క ఏడాదికి ఒప్పించారు. ఆ మాట తప్పితే పదకొండు పొలాలకూ దారి మూసుకుపోతుంది.

1991లో సెలవు పెట్టి చూడ్డానికి వెళ్లారు. అన్న పొలంలో ఒక సాలు మిగతావాటికన్నా ఏపుగా ఉంది. కొత్త వియ్యంకులు విత్తనపు అల్లం పంపారట, మందులో ముంచినది. సంబంధం కలిసినవాళ్లు విత్తనం పంపితే నాటడం ఆ కుటుంబాల్లో మర్యాద. తనిఖీ చేసిన పక్క పొలం లీల గారు చూసి కూడా రాయలేదు.

"రాస్తే పెళ్లి చెడగొట్టిందంటారు బాబూ," అన్నారావిడ.

"ఒక్క సాలురా! ఆస్ట్రేలియా నుంచి ఎవడొచ్చి చూస్తాడు?" అన్నాడు అన్న.

"ఎవడూ రానక్కర్లేదు, మేమే చూసుకుంటామనే కదన్నా చెప్పాం."

లీల గారు రాశారు. ఆవిడ సంతకం కింద అంకుల్ తన సంతకం పెట్టారు. తిరుగు ప్రయాణంలో సాగనంపడానికి ఎయిర్‌పోర్ట్‌కు అన్న రాలేదు.

"సొంత అన్నని పట్టించి ట్రోఫీ గెలిచినట్టు వచ్చారు, గ్రేట్!" అని ఇంటికి రాగానే మోహిని గారు దెప్పారు. ఆ కాగితం అంకుల్ స్వయంగా తీసుకెళ్లి సంస్థలో ఇచ్చారు. జవాబుకు మూడు వారాలు పట్టింది. యోగానంద్ పొలాన్ని తీసేసి, మిగతా పదింటికీ సర్టిఫికెట్ వచ్చింది. తమ మనిషి వెళ్లి ఉంటే అతనికి ఆ సాలు కనిపించి ఉండేది కాదని కూడా సంస్థవాళ్లు రాశారు. నిజమే. మా ల్యాబ్‌కు ఒక ముక్క పంపితే ఆ ముక్క సంగతే చెబుతాం, ఏ సాలులోదో చెప్పలేం.

పది నెలలకు, మళ్లీ తనిఖీల వేళ, అన్న ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, ఈసారి లీల పొలం తనిఖీ నాకు వేయించు. ఒక్కో మొక్కా తవ్వి చూస్తాను, చెప్పు ఆవిడకి."