మూడు వేళ్లు

ట్రంకు పెట్టె మూత ఎత్తగానే ఆముదం వాసన గుప్పుమంది. దంతాలపల్లి దాపున నేను చదువుకున్న బడిలోనే ఇప్పుడు పంతులును; ఈ ఏడాది స్కౌటు పిల్లల్ని చూసుకొమ్మని ఆ పని నా నెత్తిన పెట్టారు. పురుగు కొట్టిన కండువాల కింద, మాకు స్కౌటు నేర్పిన సారు ఏటా ఆముదం పట్టించి నున్నగా చేసిన వెదురు కర్రలు, ఒక చిన్న పుస్తకం కనిపించాయి. నా చెయ్యి ముందుగా కర్ర మీదికే పోయింది.

మా చిన్నతనమంతా దెబ్బల మీదే నడిచింది. వానలు తగ్గి మక్కజొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో, గట్ల మీద కాల్చుకు తిని మసి మూతులతో బడికి పోతే ఆలస్యమైనందుకు సారు చేతిలో, ఇంటికొచ్చాక ఊరివాళ్ల కంకులు విరిచినందుకు నాయిన చేతిలో తన్నులు. గోటీలాటలో, అదే గోలీలాటలో, ఓడినవాళ్లు పిడికిలి నేల మీద పెడితే గెలిచినవాళ్లు గురిచూసి కణుపుల మీద గోటీ కొట్టాలి, రక్తం వచ్చినా చెయ్యి తీయకూడదు. దసరా నాడు సర్వపిండి మాడుచెక్క కోసం కూడా తలలు పగలగొట్టుకునేవాళ్లం. దండం దశగుణం అని సారు అనని రోజు లేదు. జ్వరమొస్తే ఆయనే సైకిలు మీద దవాఖానకు తీసుకుపోయేవాడు, అందుకే మా ఇళ్లలో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అననిచ్చేవారు కాదు.

కమ్లి మా తరగతిలో తండా పిల్ల. గోటీలాటలో ఎన్నడూ చెయ్యి తీసి ఎరగదు. స్కౌటు జట్టు నాయకుణ్ని నేనే అయినా ముడులు వేయడంలో, గుడారం కట్టడంలో తనదే పైచేయి. జనగామలో క్యాంపు ఉందని, ప్రమాణం చేసి కండువా వేసుకున్నవాళ్లనే తీసుకుపోతానని సారు చెప్పిన రోజు నుంచి, పొద్దున్నే తండా నుంచి పరుగెత్తుకొచ్చి మైదానం ఊడ్చేది. ఆ వానకాలమే కమ్లి తమ్ముడు తొమ్మిది రోజుల జ్వరంతో పోయాడు. ఆ తొమ్మిది రోజుల్లో వాళ్లమ్మ మొక్కని దేవుడు లేడు, కోయని కోడి లేదు.

సారు చిన్న పుస్తకం చూసి చెప్పిస్తుంటే, కుడిచేతి మూడు వేళ్లు పైకెత్తి, దేవుని పట్ల, దేశం పట్ల నా విధి నెరవేరుస్తానని ఒక్కొక్కరం చెప్పాలి. మొదట నేను చెప్పాను. కమ్లి వంతు వచ్చినప్పుడు దేశం అంది, దేవుడి దగ్గర మాత్రం నోరు మూసుకుంది. సారు మళ్లీ చెప్పించాడు. మళ్లీ అంతే.

“దేవుడు లేడు సార్. ఉంటె మా తమ్ముడు సావకపోతుండె.”

“ఊకె నోటితోటి అను. కండువేస్త.”

“అబద్దమాడద్దని గా బుక్కులనే ఉంది గద సార్.”

సారు కర్ర తీసి పిక్కల మీద, వీపు మీద, కర్ర చివర చీలేదాకా కొట్టాడు. తండా పిల్లను కొడితే అడగవచ్చేవాళ్లు లేరని ఆయనకు తెలుసు. కమ్లి కిందపడి, లేచి, మళ్లీ మూడు వేళ్లూ ఎత్తి నిలబడింది. ఆ వేళ్లను చూసి సారుకు ఇంకా రోషమొచ్చింది. కొత్త కర్ర నా చేతిలో పెట్టి, ఆ వేళ్ల మీద కొట్టు, లేకపోతే జనగామ మరిచిపో అన్నాడు.

నేను కొట్టాను. మెల్లగా కొట్టానని సారు నన్నొకటి వేశాడు. రెండో దెబ్బకు ఎండు కందికట్టె విరిగినట్టు వేలు విరగడం నా చేతికి తెలిసింది. కమ్లి ఏడవలేదు.

“నువ్వు నమ్ముతవారా?” అని మాత్రం అడిగింది. నేను కర్ర సారుకు ఇచ్చేసి వరుసలోకి పోయాను.

తర్వాత కమ్లి బడికి రాలేదు. వాళ్లవాళ్లతో మిరపతోటల్లో కూలికి పోయిందన్నారు. నేను జనగామ పోయాను. మెడలో కండువా వేసుకుని పూరీలు తిన్నాను.

ఇప్పుడు తండా దారి తారు రోడ్డయింది. గోటీలాడే పిల్లలు లేరు. బడిలో కర్ర పడితే పంతులుకే ముప్పు, మంచిదే. సారు కూడా లేడు. పుస్తకం తెరిస్తే ప్రమాణం కింద సన్న అక్షరాల్లో ఉంది: కావాలనుకున్నవాళ్లు దేవుడు అనే చోట ధర్మం అనవచ్చు. దాని కింద ఎర్రసిరా గీత. అది సారు గీసిందే, నా పరీక్ష కాగితాల మీద ఎన్నిసార్లు చూశానో. కోపంతో పుస్తకాన్ని పెట్టెలోకి విసిరేశాను. ధర్మం అనమంటే కమ్లి అనేది. ఆ సంగతి ఆయనకు తెలిసి కూడా కొట్టాడు.

కానీ కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది. కమ్లి అడిగినదానికి జవాబు ఆ రోజే నాకు తెలుసు. నేనూ దేవుణ్ని నమ్మలేదు. మూడు వేళ్లెత్తి, గట్టిగా, అందరికంటే ముందు ప్రమాణం చెప్పింది మాత్రం నేనే.