ఎత్తు అంటే ఎనిమిది కాదు

ఎండకి కాగిన ఇనుము వాసన, స్లీపర్లకి పూసిన తారు వాసన కలిసి కిటికీలోంచి వస్తున్నాయి. అంతలో రైలు పెట్టె పైనున్న స్పీకర్లోంచి నూకరత్నం ఆంటీ గొంతు వినిపించింది. "ఎత్తు!" అంతే, ఒక్క మాట. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. అయినా నా చేతులు వాటంతటవే బరువు పట్టుకోవడానికి ముందుకొచ్చాయి. వెంటనే ఇంకో గొంతు, నున్నగా చదివిన ఇంగ్లీషు గొంతు, వివరణ ఇచ్చింది. మీరు విన్నది తమిళ పదమట. 'ఎట్టు' అంటే ఎనిమిది అట. ఒక్కో పట్టాను ఎనిమిది మంది కూలీలు ఎత్తేవారు కాబట్టి ఆ కేక వేసేవారట. పెట్టెలో పిల్లలు "ఎయిట్! ఎయిట్!" అని అరుస్తూ వేళ్ళు చూపించుకున్నారు.

ఇది రాయడానికి కారణం అదే. తెలుగు చదివేవాళ్ళకి ఎత్తు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. కానీ ఆ గొంతు ఎవరిదో, ఆ కేకకి ముందు ఆవిడ చెప్పిన వాక్యం ఏమైపోయిందో ఎవరో ఒకరు రాసి ఉంచాలి. తెలిసినవాళ్ళం తగ్గిపోతున్నాం. కాస్త శాంతించాక రాయమని నా భార్య అంది. శాంతిస్తే రాయనని నాకు తెలుసు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడుతున్న రోజుల్లో నేను సింగపూర్ వచ్చాను. బీకాం చదివి, కోచింగ్ సెంటర్లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాణ్ణి. యీషున్‌లో హరి, గోపి అనే ఇద్దరితో కలిసి ఒక ఫ్లాట్‌లో గది తీసుకున్నాను. సాయంత్రాలు వాళ్ళు క్రికెట్ చూస్తుంటే నేను లైబ్రరీలో ఉండేవాణ్ణి. ఇంజినీర్లెవరూ నాకు పాఠం చెప్పలేదు. వంతెనల గురించి, ఆవిరి యంత్రాల గురించి, సన్న పట్టాల నేరోగేజి రైళ్ళ గురించి నాకు తెలిసినదంతా ఆ బల్లల దగ్గర కూర్చుని సంపాదించుకున్నదే. ఆ గర్వం నాకిప్పటికీ ఉంది. ఆ లైబ్రరీ గోడ మీదే ఒక ప్రకటన చూశాను. బుకిట్ బటోక్ అవతల, ఒకప్పటి రాతి క్వారీ రైలును కొందరు ఔత్సాహికులు నడుపుతున్నారు. పాత దారిలో ఫ్లాట్లు రాబోతున్నాయి. గుట్ట వెనకనుంచి కొత్త దారి వేయడానికి మనుషులు కావాలి. జీతం లేదు, ఆదివారం భోజనం పెడతారు.

మొదటి ఆదివారమే ఆంటీ నన్ను పట్టుకుంది. వెడల్పాటి టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో గొడుగు. ఆ గొడుగు వానకీ ఎండకీ కాదు, మనుషుల్ని పొడవడానికి. ముప్పై ఏళ్ళకి పైగా బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి.

"ఏ ఊరు బావూ?"

"భీమవరం దగ్గర, ఆంటీ."

"మాది సిక్కోలు. అంటే మా తాతది. నేను ఆ ఊరు చూడనేలేదు. ఈ గుట్ట కిందే, కూలీ లైన్లలో పుట్టీసినాను. మా నాయిన ఈ రైలుకి మేస్త్రీ." నా చేతిలో పుస్తకం కేసి చూసింది. "ఇదేటి?"

"సన్న పట్టాల మీద పుస్తకం, ఆంటీ. లైబ్రరీది."

"వంపుల గురించి ఉందా అందులో? ఉంటే ఇలా రా. పొద్దుటనుంచీ ఈ వంపు నా ప్రాణం తీసేస్తంది."

ఉంది. వంపులో బయటి పట్టా ఎంత ఎత్తుండాలో పుస్తకం చెప్పింది. ఆంటీ ఒప్పుకోలేదు. తండ్రి ఎలా వేసేవాడో తనకి గుర్తుందని అరిచి, తను చెప్పినట్టే వేయించింది. పై ఆదివారం ట్రాలీ నడిపి చూస్తే చక్రం పట్టా దిగిపోయింది. అందర్నీ పిలిచి, నడుం మీద చెయ్యేసుకుని, "తప్పు నాది. పుస్తకం సెప్పిందే రైటు. ఇప్పుడు అంతా ఊడదీయండి, చెపాట్!" అంది. చెపాట్ అంటే మలయ్‌లో త్వరగా అని. తప్పు ఒప్పుకుంటున్నప్పుడు కూడా ఆవిడ గొంతు తిడుతున్నట్టే ఉండేది.

పట్టా ఎత్తడానికి ఆవిడ పద్ధతి ఒకటే. ఆరుగురం పట్టుకార్లు బిగించి వంగేవాళ్ళం. నేను, నాతోపాటు లాక్కొచ్చిన హరి, గోపి, బస్సు నడిపే తమిళుడు సెల్వం, బడిలో వాచ్‌మన్ రహ్మత్, నూడుల్స్ కొట్టు నడిపే కియాంగ్. ఆవిడ పక్కన నిలబడి, "పట్టు... ఎత్తు... దించు!" అని కేక వేసేది. ఆ కేక తండ్రిదట. మూడు మాటలకీ అర్థం తెలియని రహ్మత్, కియాంగ్ నెల తిరిగేసరికి కలలో కూడా ఆ మాటలకే వంగి లేచేలా తయారయ్యారు. సెల్వానికి మాత్రం వేళాకోళం.

"ఎట్టా? నేరుగా ఎనిమిదా టీచర్? ముందు ఏడు చెప్పండి!"

"ఏడు కావాలా నీకు? ఏడు మరి, ఎవులు వద్దన్నారు!"

తెలుగు తెలిసిన మేం ముగ్గురం పట్టుకార్లు వదిలేసి నవ్వాం. సెల్వానికి ఏడవడం గురించి అర్థం చెప్పేసరికి అతనూ నవ్వాడు. ఆ తరవాత ప్రతి పట్టాకీ అదే జోకు, అదే జవాబు. నవ్వు పోయినా జోకు పోలేదు.

ఆ రోజుల్లో ఆఫీసులో నేను నెలల తరబడి రాసిన ప్రోగ్రామ్‌ని మా మేనేజరు తనదిగా పెద్దవాళ్ళకి చూపించాడు. నేను అదే గదిలో కూర్చుని తలూపాను. ఆదివారం కంకర పోస్తూ ఆంటీకి ఆ సంగతి చెప్పుకున్నాను. ఓదారుస్తుందనుకున్నాను. గొడుగుతో నా బూటు మీద కొట్టింది.

"నాకెందుకు సెప్తన్నావు? ఆడు ఇక్కడున్నాడా? కంకరలో ఉన్నాడా?"

"అంతమందిలో ఎలా అంటాను ఆంటీ..."

"అంతమందిలో నీది లాక్కున్నాడు కదా? మరి అంతమందిలోనే అడగాల. ఇంటికెళ్ళి తలగడకి సెప్పుకుంటే తలగడేటి సేస్తాది?"

కొత్త దారి పూర్తికావస్తుండగా, రైలు నడిపే ఔత్సాహికుల కమిటీ స్టేషన్‌లో పెట్టే బోర్డు నమూనా చూపించింది. ఈ రైలు దారిని తమిళ కూలీలు వేశారని ఉంది. ఆంటీ దాన్ని రెండుసార్లు చదివింది. టీచర్లు తప్పుల కింద గీత గీసేటప్పుడు చూసినట్టు చూసింది. రేకుల షెడ్డులో జరిగిన సమావేశంలో లేచి, తమిళులూ తెలుగువాళ్ళూ కలిసి వేశారని మార్చమంది. ఒక్క పదం చేర్చమంది, అంతే.

చైర్మన్ మర్యాదస్థుడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. "సేమ్ సేమ్ లా, టీచర్. అంతా సౌత్ ఇండియనే కదా. ఇన్ని పేర్లు పెడితే చూడ్డానికొచ్చేవాళ్ళకి కన్‌ఫ్యూజన్. పైగా ఆ కేక కూడా తమిళమే కదా? ఎట్టు, ఎయిట్, ఎనిమిది మంది ఎత్తేవారన్నమాట. సెల్వం అంటుంటే నేనే విన్నాను."

సెల్వం లేచి నిలబడ్డాడు. "సార్, అది జోక్. మా తాత కూడా ఈ లైన్లోనే పనిచేశాడు. ఆయన పేరు పెట్టండి, సంతోషం. కానీ ఆ మాట మాది కాదు సార్, టీచర్ వాళ్ళది."

"ఇట్స్ ఎ నైస్ స్టోరీ, సెల్వం. జనానికి గుర్తుంటుంది."

ఆ మెత్తటి మాట విన్నప్పుడు నా చెవులు వేడెక్కాయి. ఆంటీ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కూర్చునేవాణ్ణేమో, తెలీదు. లేచాను. పట్టా ఎత్తేది ఆరుగురమని, ఎనిమిది మంది ఎన్నడూ లేరని, ఆ మాట నా భాషలో క్రియాపదమని, మీ కథ కోసం ఈవిడ తండ్రిని అంకెగా మార్చకండని చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది. అయినా గదిలో అందరూ విన్నారు. చైర్మన్ థాంక్యూ చెప్పి తరవాతి విషయానికి వెళ్ళాడు. బోర్డు మారలేదు. మర్నాడు ఆఫీసులో మేనేజర్ని పదిమందిలోనే అడిగాను. అది ఇక్కడ చెప్పాల్సిన కథ కాదు, కానీ అడిగాను.

ప్రారంభం రోజున ఆఖరి పట్టాను అతిథుల ముందు వేయాలని ఏర్పాటు చేశారు. ఎనిమిది మంది కావాలి కదా! చైర్మన్ ఇద్దరు అతిథుల్ని కోటు విప్పించి మా మధ్య నిలబెట్టాడు. వాళ్ళకి పట్టుకార్లు లేవు, ఉత్త చేతులు పట్టాకి పక్కనుంచి ఆనించి ఫొటోకి నవ్వారు. కేక రికార్డు చేయడానికి ఆంటీకి మైకు ఇచ్చారు. ఆవిడ టోపీ తీసి, క్లాసులో పిల్లలు మాట్లాడటం ఆపేదాకా ఆగినట్టు ఆగింది. తరవాత తీరిగ్గా, ప్రతి మాటా విడివిడిగా, ఇంగ్లీషులో చెప్పింది. "ఇది తెలుగు మాట. దీని అర్థం పైకి లేపమని. మా నాన్న ఈ మాటతోనే ఈ దారి వేశాడు." అప్పుడు అంది, "ఎత్తు!"

ఆరుగురం ఎత్తాం. అతిథులిద్దరి చేతులూ గాలిలో మిగిలిపోయాయి.

ఆ తరవాత ఆంటీకి కమిటీ నుంచి పిలుపు రాలేదు. "దారి ఏసీసినాం కదా, రైలు ఎలాగూ దాని మీదే ఎల్లాల" అని నవ్వింది గానీ, ఆ నవ్వు పళ్ళ మధ్యనుంచి వచ్చింది. బతికున్నంతకాలం ఆ రైలెక్కలేదు. రికార్డులో ఆవిడ వాక్యాన్ని కోసేసి, కేకని ఉంచుకున్నారు. కత్తెర పట్టిన చేతికి ఎక్కడ కోయాలో బాగా తెలుసు. పొరపాటున జరిగిందని నాతో ఎవరూ అనకండి.

మొన్న రైలు దిగగానే టికెట్ల కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. అక్కడున్న చిన్నమ్మాయి, "ఫీడ్‌బ్యాక్ అయితే వెబ్‌సైట్‌లో పెట్టండి అంకుల్" అంది. ఇక్కడే చెప్తానమ్మా అని, వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా చెప్పాను. కొందరు ఇబ్బందిగా ఫోన్లు చూసుకున్నారు. ఒక ముసలాయన మాత్రం ఆ గొంతు ఎవరిదని అడిగాడు. పేరు చెప్పాను. మళ్ళీ వెళ్తాను, మళ్ళీ చెప్తాను. ఆవిడ దగ్గర నేర్చుకున్నది వంపులూ కంకరా కాదు, ఇది. కోపం వచ్చిన చోటే నిలబడి మాట్లాడటం.

ఈ జ్ఞాపకాలు సరిచూసిన సెల్వానికి కృతజ్ఞతలు. ఆ జోకు వేసినందుకు అతను ఇప్పటికీ బాధపడతాడు, బాధపడవలసింది అతను కాదు. రహ్మత్‌కీ, కియాంగ్‌కీ, క్రికెట్ మానుకుని వచ్చిన హరికీ గోపీకీ కృతజ్ఞతలు. కోపంలో రాసిన కాగితాలన్నీ చదివి ఒక్క తిట్టు మాత్రమే కొట్టేసిన నా భార్య పద్మకి కూడా. చివరగా, బుకిట్ పంజాంగ్‌లో ఉంటున్న ఆంటీ కూతురు సుశీలకి. రాయనా అని అడిగితే ఆమె ఒకే షరతు పెట్టింది. "రాయండి. బట్ డోంట్ మేక్ హర్ స్వీట్, లా. మా అమ్మ స్వీట్ కాదు."