బాపు లెక్క లాభం నుంచే

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులు. జనగామ పోయే బస్సులన్నీ ఆగిపోయాయి. ఆ పొద్దున బాపు అమ్మతో, "ఇగో, నీకో మాట చెప్పాలె. జర మొఖం కడుక్కొని వస్త," అన్నాడు. నీళ్ల తొట్టి దగ్గరికి పోయినవాడు మళ్లీ తన కాళ్లతో తిరిగి రాలేదు.

ఎవరిదో ఆటో పట్టుకొని నేను, అమ్మ బాపును తీసుకొని పాలకుర్తి నుంచి బయలుదేరాం. రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది. బాపును చూడగానే ఆడవాళ్లు ఉడుకుతున్న గిన్నెలను కొంగులతో పట్టి పక్కకు జరిపి దారి ఇచ్చారు. అయినా దవాఖానకు చేరేసరికి కుడి చెయ్యి, కుడి కాలుతో పాటు మాట కూడా పోయింది. ఏమడిగినా, అది అన్నట్టు, "గది... గది" అనేవాడు.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. చెప్పదలచింది బాపు లోపల ఉందట. దానికి తగిన మాటను ఏరి నాలుకకు అందించే చోట, మెదడులో రక్తం ఆగిపోయిందట. నేను చదివింది మూడో తరగతే, కానీ ఆ ముక్క ఇప్పటికీ మరిచిపోలేదు.

బాపు ఊరి కల్లాల్లో వడ్లు కొలిచేవాడు. కొలతలో ఒకటి అనరు, మొదటి కుంచాన్ని లాభం అంటారు. రెండు నెలల తర్వాత ఒకనాడు అమ్మ వాకిట్లో వడ్లు కొలుస్తుంటే, మంచంలోంచి బాపు గొంతు వినబడింది. లాభం, రెండు, మూడు... ఇరవై దాకా ఎక్కడా తడబడలేదు. అమ్మ కూలబడి ఏడ్చింది. మాట వచ్చిందనే అనుకున్నాం. అదే మందనుకొని, కొలిచిన వడ్లే రోజూ మళ్లీ మళ్లీ కొలిచాం. నడుమ కుంచం ఆపి, ఆ రోజు ఏం చెప్తానన్నావని అమ్మ అడిగేది. గది, అనేవాడు. మళ్లీ కొలిస్తే మళ్లీ లాభం నుంచే.

నేనొక్కదాన్నే పోయి డాక్టరును అడిగాను. వరుసగా అలవాటైన మాటలు వాటంతట అవే వస్తాయి, కావలసిన మాటను ఏరుకోవడం వేరు అన్నాడు. అమ్మకు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం బాపే ఎడమ చేత్తో కుంచం గుంజుకున్నాడు. వడ్లు ముంచి అమ్మ ముందు పోశాడు. ఆమె కళ్లలోకి చూస్తూ, "లాభం," అన్నాడు. రెండు అనలేదు. పెదవులు ఏదో వెతికాయి. "లాభం," అన్నాడు మళ్లీ.

అమ్మ ఆ చెయ్యి పట్టుకొని, "తెల్సింది తియ్. నాకు తెల్సింది," అన్నది.

తెలియలేదని బాపుకు తెలిసింది. కుంచం బోర్లించి గోడ దిక్కు తిరిగాడు. ఆ తర్వాత గది అని కూడా అనలేదు. రాష్ట్రం వచ్చిందని ఊరంతా రంగులు చల్లుకున్న నాడు కూడా గోడ దిక్కే ఉన్నాడు.