గొట్టంలో మిగిలిన రాగి

మా బాపుకు రైఫిల్ లైసెన్సు ఉండేది. లక్సెట్టిపేట దగ్గర, గోదావరి ఒడ్డున మా మక్కచేను. దాని మీద పడే అడవిపందుల కోసమే కొత్త రైఫిల్ కొన్నాడు. దానితో కాల్చింది ఒకే ఒక్కసారి. తుడిచింది మాత్రం పదకొండేళ్లు.

ఒకనాడు పొద్దుగూకే వేళ చేన్లో మక్కకర్రలు కదిలాయి. బాపు కాల్చాడు. ఏదో అరిచింది. చీకటి పడడంతో తెల్లారాకే వెళ్లి చూశాం. పందీ లేదు, మనిషీ లేడు. ఇసుకలో నీళ్ల దాకా నెత్తుటి చారలు, అంతే. ఊళ్లో ఎవరూ తప్పిపోలేదు, ఎవరినీ వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. కానీ ఎక్కడెక్కడివాళ్లో పనికి వచ్చే కాలమది.

ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే బాపు అరుగు మీద కూర్చుని రైఫిల్ విప్పాడు. తూటాకు పైన రాగి తొడుగు ఉంటుంది. అది దూసుకుపోతూ గొట్టం లోపల కాస్త రాగి పూసి పోతుంది. దాన్ని కరిగించే మందు ఒకటుంది, ముక్కు పగిలిపోయే వాసన. పేలికను అందులో తడిపి, కడ్డీ మొనకు చుట్టి గొట్టంలోకి తోస్తే, రాగి ఉన్నన్నాళ్లు గుడ్డ నీలంగా వస్తుంది. పోతే తెల్లగా వస్తుంది.

"బిడ్డా, దేవునితోని ఒక మాట అనుకున్న. తెల్లగొస్తే అది పంది. నీలమొచ్చినన్ని దినాలు మనిషే," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఒక్క తూటా రాగి ఎంతుంటుంది? రెండు వారాల్లో పోతుందనుకున్నాను.

పోలేదు. ప్రతి ఆదివారం నీలమే. అమ్మను మేం అవ్వ అంటాం; చర్చికి కట్టే అవ్వ తెల్లచీరలు పాతవన్నీ పేలికలైపోయాయి. "ఇగో, మల్ల వచ్చిండు," అనేవాడు బాపు మెల్లగా, గుడ్డను చూస్తూ. ఎవరొచ్చిండ్రని అడగడం అవ్వ మానేసింది. బాపు మాంసం మానేశాడు. చర్చిలో ముందు వరసలో కూర్చోవడం మానేశాడు. పొద్దుగూకితే చాలు, చేను వైపు కిటికీ వేసేవాడు.

నాకు ఒళ్లు మండేది. "ఒక్క పందికి గింత అరిగోసనా బాపు?" అని కసిరేదాన్ని. కసిరి లోపలికి వెళ్లి, ఆ కిటికీ గడియ పడిందో లేదో నేనూ చూసుకునేదాన్ని.

మొన్నటి ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పమన్నారు. రైఫిల్ అక్కడుండగా, మొన దగ్గర మర వదులైన కడ్డీని నేను కరీంనగర్‌లో తుపాకులు బాగుచేసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. నీలం గుడ్డల సంగతి విని ఆయన కడ్డీ మొన మీద మందు చుక్క వేసి తుడిచాడు. గుడ్డ నీలమైంది.

"మొన ఇత్తడిది బిడ్డా. ఇత్తడిల రాగి ఉండదా? గీ మందు దాన్నే తింటుంది. మీ బాపు తుపాకి ఎన్నడో సాఫయింది, జర చూసుకోవద్దా?"

పదకొండేళ్లు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్లాస్టిక్ మొన బిగించుకుని వచ్చాను. బాపుకు మాత్రం మర బాగైందనే చెప్పాను. అసలు సంగతి తెలిస్తే రేపొచ్చే తెల్లగుడ్డను కూడా ఆయన నమ్మడు.

రైఫిల్ తిరిగొచ్చిన ఆదివారం మొదటి పేలిక తెల్లగా వచ్చింది. రెండోదీ, మూడోదీ తెల్లగానే. బాపు వాటిని మోకాలి మీద పరుచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "పందే బిడ్డా. పందే," అన్నాడు. అవ్వ కోడి కోసింది. బాపు వేళ్లు నాకి మరీ తిన్నాడు. పొద్దుగూకాక చేను వైపు కిటికీ తెరిచి, "గాలి మంచిగొస్తుంది," అంటూ దాని కిందే నడుం వాల్చాడు.

ఆయనకు నిద్ర పట్టాక నేను లేచి కిటికీ మూశాను. బాపు కాల్చిన రోజు నేను నీళ్ల వైపు గట్టున గడ్డి కోస్తున్నాను. అరుపు నాకు బాపుకంటే దగ్గరగా వినపడింది. అందులో ఒక మాట ఉంది. "అవ్వా" అని.

బాపుకు ఇన్నేళ్లూ చెప్పలేదు. ఇంక చెప్పను.