ఎత్తి చూసి కొన్న బండి

నిన్న మళ్లీ ఆ బండ్ల షాపుకు పోవాల్సొచ్చింది. లోపల అడుగు పెట్టాలంటేనే సిగ్గయింది. ఎందుకో చెప్త, నవ్వొద్దు. నవ్వినా పర్లేదులే, మా ఇంట్ల ఎట్లాగూ నవ్వుతనే ఉన్నరు.

ఖమ్మంలో మేం కిరాయికి ఉండేది మూడో అంతస్తు. లిఫ్ట్ లేదు. మా ఆవిడ రమ కారేపల్లి దగ్గర బడిలో టీచర్. పొద్దున బస్టాండ్‌కు ఆటో దొరక్క రోజూ ఉరుకులాటే. "ఎలక్ట్రిక్ బండి కొంట, నేనే దింపుత" అని మాటిచ్చిన. కింద పార్కింగ్‌లో ప్లగ్ లేదు. అంటే ఛార్జింగ్ కోసం బండిని పైకి మోసుకపోవాలె. అంటే బండి తేలిగ్గా ఉండాలె!

మా నాయన సారపాకలో వెదురు లారీలకు లోడింగ్ చేసినోడు. ఏ వస్తువైనా ఎత్తి చూడందే కొనడు. ఆ అలవాటు నాకూ అంటింది. షాపులో ప్రతి బండినీ ఎత్తి చూసిన.

"సార్, కూర్చొని చూడండి, ఒక రౌండ్ కొట్టండి" అన్నడు షాపాయన.

"కూర్చునుడు తర్వాత. ముందు ఎత్తనియ్యి."

"అది కాదు సార్, దీని బ్యాటరీ ఏందంటే..."

"బ్యాటరీ సరే, దీనికన్నా తేలికది ఉందా?"

ఉంది. సైకిల్ లెక్క పెడల్స్, ఒక్కటే సీటు. ఒంటిచేత్తో లేపిన! రమ బడి నుంచి ఫోన్ చేసి "వెనక సీటుందా?" అంటే, "పెట్టిస్తలే" అన్న.

ఇంటి ముందు పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండిని ముందుకు తోసిన. నిమ్మకాయలు నలగలే, పక్కకు దొర్లినయి. మళ్లీ పెట్టిన, మళ్లీ దొర్లినయి.

"నిమ్మకాయ కూడా లెక్కచేస్తలేదు. దీని మీద నేనెక్కడ కూర్చోవాలె?" అన్నది రమ.

మెకానిక్‌ను అడిగితే, "సార్, దీనికి వెనక సీటు పెడితే ఫ్రేమ్ ఇరుగుతది" అన్నడు. ఇగ నేను రోజూ బండిని భుజానేసుకొని మెట్లెక్కుడు, రమ రోజూ ఆటో కోసం ఉరుకుడు. షాపులో తేలిగ్గున్న బండి రెండో అంతస్తుకొచ్చేసరికి ఎట్ల బరువెక్కుతదో నాకిప్పటికీ అర్థం కాలే. సోమవారం రమకు బస్సు పోయింది. బడిలో మాట పడి వచ్చింది. నాకు నిజంగా బాధైంది.

ఆదివారం హాల్లో బండి చుట్టూ ఊడుస్తూ అడిగింది. "ఈ రెండో తాళం దేనిదండీ?"

"స్పేర్ అయి ఉంటది."

ఆమె వంగి సీటు కింది రంధ్రంలో పెట్టి తిప్పింది. టక్! బ్యాటరీ ఊడి చేతిలోకొచ్చింది. దాన్ని కూరగాయల సంచిలో వేసి, ఎత్తి చూసి, నా దిక్కు చూసింది.

"అంటే, ఇదొక్కటి పైకి తెచ్చుకుంటే అయిపోవునా?"

అప్పటికీ నా భుజం వాచే ఉంది.

ఇగ నిన్న బండి మార్చుకోనీకి ఇద్దరం పోయినం. షాపాయన నన్ను చూడంగనే పక్కకు జరిగిండు. "రండి సార్, ఎత్తి చూస్తరా?"

నేను నోరు తెరిచేలోపే రమ అన్నది. "వద్దన్నా. ఈసారి వెనక కూర్చొని నేను చూస్త. రెండు తాళాలూ నా చేతికే ఇయ్యి."

ఇయ్యాల పొద్దున బస్సు కన్నా ముందే బస్టాండ్ చేరినం. బయల్దేరే ముందు కొత్త బండి చక్రాల కింద మళ్లీ నిమ్మకాయలు పెట్టిన. రమ వెనక ఎక్కి కూర్చుంటే, రెండూ ఒక్క దెబ్బకు పచ్చడైనయి. నా పరువైతే నిన్న షాపులోనే పచ్చడైంది.