కొత్తగూడ నుంచి పిల్లల కోర్టుకు, సంకలో బడి రిజిస్టరుతో

కోర్టుకు వెళ్ళి రావడం కూడా ప్రయాణమేనా అని ఎవరైనా నవ్వొచ్చు. నా బతుకులో అంతకంటే దూరం నేనెప్పుడూ పోలేదు. డెబ్బైల నడుమ కొత్తగూడ బడికి నేనొక్కడినే పంతులును. నా దగ్గర చదువుకున్న యాదయ్యను, బావి మోటారు రాగితీగ దొంగతనం కేసులో ఇద్దరు పెద్దవాళ్ళతో కలిపి పట్టుకున్నారు. వాడికి పదహారు నిండలేదని తేలితే విచారణ పిల్లల కోర్టులోనే. నిండాయంటే పెద్దల కోర్టు, పెద్దల జైలు. అది తేల్చడానికి బడి రిజిస్టరు తెమ్మని నాకు కబురొచ్చింది.

ఉదయం ఆరింటికి వాడి తల్లి బాలమ్మ, నేను బయలుదేరాం. అప్పట్లో బస్సు లేదు. బండరాళ్ళ మధ్య గంటకు పైగా నడిస్తే హఫీజ్‌పేట స్టేషను, అక్కడ ఏడున్నరకు నాంపల్లి పోయే ప్యాసింజరు. టికెట్టు అర్ధరూపాయి లోపే. రాళ్ళు కొట్టి బతికే బాలమ్మ చకచకా నడుస్తుంటే, రిజిస్టరు మోస్తున్న నేను వెనకబడ్డాను.

"మీరు రాసిన కాయితం ఉన్నది గద సారూ, ఇగ నాకేం ఫికర్ లేదు" అంది బాలమ్మ.

ఆ కాయితమే నా భయం. పిల్లలు తక్కువైతే బడి ఎత్తేస్తామని అంతకు పన్నెండేళ్ళ ముందు పైనుంచి మాట వచ్చింది. లెక్క నిండడానికి మూడేళ్ళవాళ్ళను కూడా ఐదేళ్ళని రాసి చేర్చుకున్నాను. అందులో యాదయ్య ఒకడు. బడి నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. పదిహేనేళ్ళ వాడికి రిజిస్టరులో పదిహేడు. నిజం చెప్పేస్తానని రైల్లో పది సార్లు అనుకున్నాను. చెబితే దొంగ రాతలు రాసినవాడినవుతాను, ఇంట్లో ముగ్గురు పిల్లలు. పిరికితనానికి కారణాలు కరువా?

నాంపల్లిలో దిగి ముప్పావలాకు రిక్షా మాట్లాడాం. రిక్షా అతను దారంతా పలకరిస్తూనే ఉన్నాడు.

"పిలగానికి ఎన్నేండ్లు అక్కా?"

"పదిహేను."

"గట్లయితే పరేషాన్ కాకు. పిల్లగాండ్లకు జైలుండదు."

బాలమ్మ నా వైపు చూసి నవ్వింది. అరెస్టు తర్వాత ఆమె నవ్వగా చూడడం అదే మొదటిసారి.

పదకొండింటికి నన్ను లోపలికి పిలిచారు, బాలమ్మను వరండాలోనే ఉండమన్నారు. మామూలు గది, ఒక బల్ల. మా తరఫున వకీలు లేడు, పెట్టుకోవచ్చని మాకు చెప్పినవాళ్ళూ లేరు. యాదయ్య చిక్కిపోయాడు. నన్ను చూడగానే చేతులు జోడించాడు.

"నీ వయసెంత?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

"సారుకు ఎరుక. సారునడుగుండ్రి" అన్నాడు వాడు.

మేజిస్ట్రేటు రిజిస్టరు తిప్పి చూశాడు. "పదిహేడు ఉంది. ఇది మీ రాతేనా?"

"అవునండి."

"వయసు సరిగ్గానే రాశారా?"

యాదయ్య నన్నే చూస్తున్నాడు.

"అవునండి" అన్నాను.

అంతే. పెద్దల కోర్టుకు పంపమని ఆర్డరు రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. వరండాలో బాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏమన్నరు సారూ? ఇంటికి పంపుతరా?" నేను తల అడ్డంగా ఊపాను. ఆమె గోడ పక్కన కూలబడింది.

అక్కడున్న బంట్రోతు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "పిలగాన్ని చూస్తే గంత వయసున్నట్టు లేడు సార్. దవాఖానల పరీక్ష చేయించమని అడగొచ్చు. ఇప్పుడు పోయి అడిగినా వింటరు." తలుపు తెరిచే ఉంది. నేను లోపలికి పోలేదు. రెండు గంటల బండికి బాలమ్మను తీసుకుని తిరిగొచ్చాను.

యాదయ్య రెండేళ్ళకు జైలు నుంచి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నేను ఎదురుపడితే మాత్రం ఆగి "నమస్తే సార్" అనేవాడు. తిట్టినా బాగుండేది. చట్టం వాడికొక తలుపు తెరిచి పెట్టింది, దాని ముందు అడ్డంగా నిలబడింది నేను. ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ ఒప్పుకోవడం వల్ల వాడికి ఒరిగేదేమీ లేదని నాకు తెలుసు.

పిల్లవాడి కోసం కోర్టుకు వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. కాగితంలో వయసు తప్పు పడిందని అనిపిస్తే, డాక్టరు పరీక్ష కావాలని మొదటి రోజే మీ నోటితో మీరే అడగండి. మీతో వచ్చిన పంతులు అడుగుతాడని కూర్చోకండి.