తొంభై రూపాయల సర్టిఫికెట్టూ, సుతిలి తాడూ

వడ్లు నింపుకొచ్చిన బండ్ల వరుసనంతా ఒకే ఒక్క మేకుతో మధ్యాహ్నం దాకా ఆపిన మొనగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? అయితే నన్ను చూడండి! నవ్వాలనుంటే ఇప్పుడే కాస్త నవ్వేసుకోండి, ముందుముందు ఊపిరాడదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయిన రోజులు. మాది మగ్గాల ఇల్లు. నేను ఇంజను మెకానిక్ శిక్షణ ముగించి, సర్కారు ముద్ర ఉన్న సర్టిఫికెట్‌తో బస్సు దిగాను. సుల్తానాబాద్‌లో వడ్లు మరపట్టే బియ్యం గిర్నీ నడిపే సేటు కబురు పంపాడు. "సర్టిఫికెట్ ఉన్నోనికి నెలకు తొంబై ఇస్త. ముందుగాల ఒక్క దినం ఇంజను నడిపి సూపియ్యాలె."

తొంభై! మా బాపు రెండు నెలలు మగ్గం మీద వంగినా కళ్ళజూడని డబ్బు. బాపు వాడంతా చాటాడు. మా అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ వేములవాడ వైపు తిరిగి, "నౌకరి పక్క అయితే రాజన్నకు కోడెను కడుత" అని మొక్కింది; కోడెను గుడి చుట్టూ తిప్పి అక్కడే కట్టేయడం మా వైపు మొక్కు. సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి, పసుపూ బొట్టూ పెట్టింది.

ఆ గిర్నీలో ఇరవై ఏళ్ళుగా ఇంజను చూస్తున్నది ఖాదర్ మిస్త్రీ. బడి మొహం చూడని మనిషి. వయసు మీదపడుతోందని సేటు రెండో మనిషిని వెతికాడు. నా పరీక్ష రోజున మిస్త్రీ పెళ్ళికని పెద్దపల్లి వెళ్ళాడు.

ఇంజను గదిలో అడుగు పెట్టగానే గోడకు ఒకే ఒక్క మేకు కనిపించింది. దాన్నుంచి ఇంజను దాకా మసిపట్టిన సుతిలి తాడు! ఛీ, చదువులేని పనంటే ఇదే అనుకుని, తాడు విప్పి బయట పారేసి సర్టిఫికెట్ తగిలించాను. ఊదుబత్తి వెలిగించాను, కొబ్బరికాయ కొట్టాను, చక్రం తిప్పాను. ఇంజను రెండుసార్లు దగ్గి పడుకుంది.

సేటు పరుగెత్తుకొచ్చాడు. "ఏమాయె?"

"లోపట పెద్ద రోగమున్నది సేటూ. ఇప్పాలె."

"నిన్న మంచిగనే నడిచింది గద!"

"నిన్న సర్టిఫికెట్ లేకుండె గద!" అన్నాను. అంతకంటే పచ్చినిజం జన్మలో చెప్పలేదని నాకప్పుడు తెలియదు.

విప్పాను బాబూ, విప్పాను! సామానంతా గోనెపట్టా మీద పరిచి, కడిగి, తుడిచి, పుస్తకంలో ఉన్నట్టే బిగించాను. మళ్ళీ తిప్పాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బయట ఒక బండాయన, "గీ పోరడు ఇంజనుకు డాక్టరా, కసాయోడా?" అన్నాడు.

మధ్యాహ్నానికి మిస్త్రీ వచ్చి గదంతా కలయజూశాడు.

"బేటా, గీడ నా సుతిలి ఉండాలె గద?"

"మురికిగున్నదని పారేసిన."

"అరె ఖుదా! డీజిల్ నల్లా పిడి అరిగింది, ఊకె కిందికి జారుతది. గా సుతిలితోని మేకుకు గుంజి కడ్తెనే నల్లా తెరిచి ఉంటది!"

సర్టిఫికెట్ తీసి నా చేతిలో పెట్టాడు. తాడు వెతికి తెచ్చి, డీజిల్ కుళాయి పిడిని మేకుకు కట్టి, చక్రం తిప్పాడు. ధడ్ ధడ్ ధడ్! చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను సర్టిఫికెట్ వేస్తే ఉన్న ఇంజను పోయింది.

"నడువు ఇంటికి!" అన్నాడు సేటు. బాపు మొహం గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది.

"జర ఆగు సేటూ," అన్నాడు మిస్త్రీ. "ఇంజనంత ఇప్పి మళ్ల జోడించిండు. ఒక్క నట్టు మిగల్లే. నాకే మిగుల్తయి! పోరన్ని ఉంచుకో."

సేటు గొణుగుతూ ఒప్పుకున్నాడు. "సరే. సుతిలి కట్టుడు నేర్చుకునేదాక నలభై అయిదు."

ఇంటికెళ్ళి చెబితే అవ్వ ఒక్క క్షణం ఆలోచించింది. "సగం జీతానికి సగం కోడెను కడుతరా? రాజన్ననే జర ఆగుమందాం."

ఆరు నెలలు మిస్త్రీ వెనకాల తిరిగాక తొంభై చేతికొచ్చింది. అందరం వేములవాడ వెళ్ళాం. కోడె తాడు అందుకోబోయానో లేదో, అవ్వ గుడి దద్దరిల్లేలా అరిచింది. "తాడు ముట్టకు! బాపు కడ్తడు!"

అక్కడే, రాజన్న సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఎవరు కట్టిన తాడైనా సరే, ఎందుకు కట్టారో అడగనిదే ఈ జన్మలో విప్పను!